"ఒక్క కరెక్షనే అన్నా": హనుమకొండలో మూడు సిస్టమ్‌ల డిజైన్ దుకాణం, ఒక పెండ్లిళ్ల సీజన్ టైమ్ లెక్క

సంక్రాంతి పోయి మాఘం వస్తుందంటే హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల డిజైన్ దుకాణాల్లో కుర్చీ ఖాళీగా దొరకదు. పెండ్లి కార్డులు ఒక దిక్కు. జాతర ఉన్న ఏడైతే మేడారం ఫ్లెక్సీలు ఇంకో దిక్కు. రెండేండ్లకోసారి వచ్చే ఆ జాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా పడింది. అంటే రెండుసార్లూ సరిగ్గా పెండ్లి కార్డుల గిరాకీ నడుమనే. వీటి మధ్యలో గృహప్రవేశం, లీడర్ పుట్టినరోజు, కోచింగ్ సెంటర్ కరపత్రం, ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి వచ్చే బిల్ బుక్కులు ఎట్లాగూ ఉంటాయి.

ఈ కేస్ స్టడీ ఏదో ఒక్క దుకాణానిది కాదు. హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో రెండు మూడు సిస్టమ్‌లతో నడిచే దుకాణాల తీరును కలిపి ఒక నమూనా దుకాణంగా పెట్టుకున్నాం. నిమిషాలు, పనుల సంఖ్యలు ఆ నమూనాకు వేసుకున్న లెక్కలే. మీ దుకాణంలో అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

దుకాణంలో మూడు సిస్టమ్‌లు, ఒక ఏ4 ప్రింటర్, ఒక కౌంటర్, ఒక వాట్సాప్ నంబర్ ఉన్నాయి. సొంత మిషన్ లేదు. ఫ్లెక్స్ ప్రింటింగ్ యూనిట్‌కు, కార్డులు ఆఫ్‌సెట్ ప్రెస్‌కు పోతాయి. కోరెల్ (అక్షరాలు, గీతల సాఫ్ట్‌వేర్), ఫోటోషాప్ (ఫొటోల సాఫ్ట్‌వేర్) రెండూ వచ్చిన సీనియర్ ఒకరు. కార్డులు, కరపత్రాలు చేసే రెండో డిజైనర్ ఒకరు. తెలుగు సెట్టింగ్, అంటే తెలుగు రాత టైప్ చేసే పని, చూసే మేడం ఒకరు. కౌంటర్ మీద యజమాని. రాత్రి పదకొండు దాకా లైట్లు వెలుగుతున్నా "రేపు ఇస్త" అన్న పని రేపు పోవట్లేదు. యజమాని ఆలోచన నాలుగో సిస్టమ్ కొని ఇంకో మనిషిని పెట్టుకోవాలని.

కొనే ముందు ఒక వారం నోట్‌బుక్ రాయించాలి.

పావుగంటకో గడి

ఒక పేజీకి నలభై గడులు గీస్తే, గడికి పావుగంట చొప్పున పది గంటల రోజు అయిపోతుంది. గడిలో ఒక్క అక్షరం రాస్తే చాలు: డిజైన్‌కు "డి", సెట్టింగ్‌కు "సె", కరెక్షన్‌కు "క", గిరాకీతోనో ఫోన్‌లోనో మాట్లాడితే "గి", పాత ఫైలో ఫొటోనో ఫాంటో వెతికితే "వె", ఫైల్ సేవ్ అయ్యేదాకా, నెట్ వచ్చేదాకా, అవతలివాళ్లు జవాబిచ్చేదాకా ఖాళీగా కూర్చుంటే "ఆ". దీనికి యాప్ అక్కర్లేదు. యాప్ తెరిస్తే పక్కనే వాట్సాప్ కనిపిస్తుంది, గడి కాస్తా అందులో పోతుంది.

ఈ లెక్క చెడిపోయే దారులు మూడు. రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు యాది చేసుకుని రాస్తే అన్నీ "డి"లే అవుతాయి. రంగు మార్చినా, పేరు దిద్దినా డిజైనర్‌కు అది డిజైనే అనిపిస్తుంది, కాబట్టి ప్రూఫ్ (అచ్చుకు ముందు గిరాకీ చూసుకోవడానికి పంపే కాపీ) ఒకసారి పోయాక ఆ ఫైల్ మీద ముట్టుకున్నదల్లా "క" అని ముందే తేల్చుకోవాలి. మూడోది యజమాని చేతిలో ఉంది. మొదటిరోజు సాయంత్రం నోట్‌బుక్ తీసి "గిన్ని 'ఆ'లు ఏంది?" అన్నాడంటే రెండోరోజు నుంచి అందులో ఒక్క నిజమైన అక్షరం ఉండదు.

మన నమూనా సీనియర్ నలభై గడులు ఇట్లా తేలాయి: డిజైన్ 9, సెట్టింగ్ 7, కరెక్షన్ 11, గిరాకీ 7, వెతుకులాట 3, ఆగడం 3. డిజైన్‌కు దక్కింది రెండుంపావు గంటలు. సెట్టింగ్‌కు మేడం ఉన్నా సీనియర్‌కు ఏడు గడులెందుకంటే, వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌ను (కార్డులో వేయాల్సిన రాతను) ఎవరు ముందు చూస్తే వాళ్లే కొట్టేస్తున్నారు. నాలుగో సిస్టమ్ పెడితే ఆ తొమ్మిది గడులు పెరగవు. కరెక్షన్లు తీసుకొచ్చే ఇంకో తలుపు తెరుచుకుంటుందంతే.

ఒక పెండ్లి కార్డు ఎన్నిసార్లు తిరుగుతుంది

మ్యాటర్ గీతల కాగితం మీద చేతిరాతతో వస్తుంది. లేకపోతే ఆ కాగితం ఫొటోగా, అదీ కాకపోతే బంధువుల ఇంటి పాత కార్డు ఫొటో పెట్టి "ఇట్లనే, పేర్లు మారిస్తే సరిపోతది" అన్న వాయిస్ మెసేజ్‌తో. డిజైన్ చేసి ప్రూఫ్ పంపితే పెండ్లికొడుకు పది నిమిషాల్లో "సూపర్ అన్నా" అంటాడు. అతను చూసింది రంగు, వినాయకుడి బొమ్మ, తన పేరు. సాయంత్రం తండ్రి చూస్తాడు, ఇంటిపేరులో ఒత్తు తప్పింది. మరునాడు పొద్దున ఫోన్: "తమ్మీ, మా మేనమామ పేరు పెట్టకుంటె ఇంట్ల లొల్లయితది, ఒక్క కరెక్షనే." ఆ పేరు పెట్టేసరికి ఆహ్వానించువారి వరుస కిందికి జరిగి ఫంక్షన్ హాల్ అడ్రస్ పువ్వుల మీదికి ఎక్కుతుంది. దాన్ని సర్దితే నాలుగో ప్రూఫ్. అప్పుడు పంతులుగారికి పంపుతారు. ఆయన ముహూర్తం దగ్గర ఆగుతాడు.

ముహూర్తం దగ్గర జరిగే తప్పును కాస్త దగ్గర నుంచి చూడాలి. కాగితం మీద "14 శనివారం రాత్రి గం. 2.47 ని.లకు" అని ఉందనుకోండి. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. కాబట్టి పంతులుగారికి అది శనివారమే. గోడ గడియారం, ఫోన్ క్యాలెండర్ ప్రకారం మాత్రం అర్ధరాత్రి దాటింది, 15 ఆదివారం. టైప్ చేసేవాళ్లు "సాయం చేద్దామని" తేదీ మార్చి 15 అని పెడతారు, వారం శనివారమే ఉండిపోతుంది. లేదా 14 అలాగే ఉంచి "తె. 2.47" అని వేస్తారు. అప్పుడు చుట్టాలు ఒక రాత్రి ముందే దిగుతారు. అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్య పడ్డ ప్రతి ముహూర్తానికీ రెండూ రాయాలి: "14 శనివారం రాత్రి (తెల్లవారితే 15 ఆదివారం) గం. 2.47 ని.లకు". ఈ ఒక్క లైను సెట్టింగ్ సిస్టమ్‌లో టెంప్లేట్‌గా ఉంటే ప్రెస్‌కు పోయాక అచ్చు ప్లేట్ మళ్లీ చేయించే ప్రమాదం తప్పుతుంది.

ఇప్పుడు టైమ్ చూద్దాం. కరెక్షన్ చేతిపని నాలుగు నిమిషాలే కావచ్చు. చేస్తున్న పనిని ఆపి సేవ్ చేసి, ఈ ఫైల్ వెతికి తెరిచి, మార్చి, జేపీజీ తీసి, వాట్సాప్‌లో పంపి, మళ్లీ పాత పనిలో ఎక్కడ ఆగామో చూసుకునేసరికి ఒక గడి నిండుతుంది. సీజన్‌లో ముప్ఫై కార్డులు, కార్డుకు ఐదు తిరుగుళ్లు, తిరుగుడుకు పదిహేను నిమిషాలు: ముప్ఫై ఏడున్నర గంటలు. అంటే ఒక మనిషి దాదాపు నాలుగు రోజుల పని. ఇందులో అందం పెంచిన కరెక్షన్ ఒక్కటైనా ఉండదు, అన్నీ పేర్లూ తేదీలే.

మ్యాటర్ ప్రూఫ్ ముందు, డిజైన్ ప్రూఫ్ తర్వాత

అన్నిటికన్నా పనిచేసిన మార్పు ఇదే, పైగా ఖర్చు లేనిది. డిజైన్ మొదలుపెట్టకముందే మ్యాటర్ మొత్తాన్ని ఏ4 మీద, పద్దెనిమిది పాయింట్ల నల్లక్షరాల్లో, ఒక్క పువ్వు కూడా లేకుండా కొట్టి ఇవ్వాలి. రంగులుంటే కళ్లు రంగుల మీదికే పోతాయి. తెల్ల కాగితం మీద చూసేందుకు పేర్లు తప్ప ఏమీ ఉండవు. అది ఇంటికి పోయి మేనమామలు, పెద్దనాయినలు, పంతులుగారు అందరి చేతులూ తిరిగి పెన్ను గీతలతో తిరిగొస్తుంది. ఆ గీతలు దిద్దాక కింద ఒక సంతకం, దాని పక్కన ఒక ఫోన్ నంబర్. ఇక ఆ నంబర్ నుంచి వచ్చిన "ఓకే" తప్ప ఇంకెవరి మాటా లెక్కలోకి రాదు.

ఆ తర్వాత పంపే డిజైన్ ప్రూఫ్‌లో రంగు, బొమ్మ, అక్షరం సైజు మాత్రమే మిగులుతాయి. తిరుగుళ్లు ఐదు నుంచి రెండుకు దిగితే అదే ముప్ఫై కార్డులకు పదిహేను గంటలు. మ్యాటర్ ప్రూఫ్‌కు కార్డుకు పది నిమిషాలు వేసుకుంటే ఇంకో ఐదు గంటలు. మొత్తం ఇరవై. మిగిలింది పదిహేడున్నర గంటలు.

దీనితో పాటే కౌంటర్ మీద ఒక ఫారం. అందులో వరుస కార్డు వరుసలోనే ఉండాలి, లేకపోతే సెట్టింగ్ చేసే మనిషి కళ్లు పైకీ కిందికీ తిరుగుతూ లైన్లు వదిలేస్తాయి.

ఇష్టదైవం, పైన వేసే శ్లోకం
వరుడు పేరు, చదువు, ఎన్నో సంతానం
వధువు పేరు, చదువు, తల్లిదండ్రులు, ఊరు, మండలం
ముహూర్తం: తేదీ, వారం, గంట, నక్షత్రం, లగ్నం
వివాహ వేదిక, విందు (రెండూ ఒకేచోటా, వేరువేరా)
రిసెప్షన్ ఉంటే దాని తేదీ
ఆహ్వానించువారు, బంధుమిత్రుల పేర్లు, ఏ వరుసలో
ఎన్ని కార్డులు, ఎప్పటికి చేతికి కావాలి

ఫారం మొదటి వారం విఫలమవుతుంది. కారణం, దాన్ని గిరాకీ చేతికిచ్చి "నింపుకొని రండి" అనడం. సగం ఖాళీగా వస్తుంది, కొన్ని రానే రావు. ఫారం నింపాల్సింది కౌంటర్ మీద ఉన్న మనిషి, అడుగుతూ. ఎనిమిది నిమిషాలు పడుతుంది. ఆ ఎనిమిది నిమిషాల్లోనే "విందు ఎక్కడనో ఇంకా అనుకోలే" అన్న సంగతి బయటపడుతుంది. ఆ కార్డు ఆరోజు మొదలుపెట్టే పని కాదని అప్పుడే తెలిసిపోతుంది.

చాలామంది పెట్టే ఇంకో రూలు, "రెండు కరెక్షన్లు ఉచితం, మూడోదానికి యాభై రూపాయలు". మా అంచనాలో ఇది బోర్డు మీద బాగుంటుంది, కౌంటర్ మీద నడవదు. పెండ్లి ఇంట్లో పెద్దమనిషిని యాభై రూపాయలు అడిగితే ఆయన ఇచ్చేస్తాడు. వచ్చే ఏడు చిన్నబిడ్డ పెండ్లికి ఇంకో దుకాణానికి పోతాడు. పైసలకు బదులు టైమ్ పెట్టాలి: కరెక్షన్లు మధ్యాహ్నం పన్నెండుకు ఒకసారి, సాయంత్రం ఐదుకు ఒకసారి మాత్రమే. పదింటికి ఫోన్ వస్తే "రాసుకున్న పెద్దనాయినా, పన్నెండింటికి మార్చి పంపిస్త" అంటే ఎవరూ కోపం తెచ్చుకోరు. తమాషా ఏంటంటే, పదింటికి ఒక కరెక్షన్ చెప్పినవాళ్లు పదకొండున్నరకు ఇంకోటి చెప్తారు. రెండూ ఒకే తిరుగుడులో పోతాయి.

ఫ్లెక్స్ దగ్గర టైమ్ తినేది ఫైల్ బరువు

పెండ్లి కార్డులో టైమ్ మనుషుల దగ్గర పోతే, ఫ్లెక్స్‌లో సగం సిస్టమ్ దగ్గర పోతుంది. పది బై ఇరవై అడుగుల బ్యానర్‌ను అసలు సైజులో అంగుళానికి 72 పిక్సెల్స్ పెట్టి తెరిస్తే 8,640 బై 17,280 పిక్సెల్స్. సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతిలో) ఒక్క నిండు లేయరే దగ్గర దగ్గర 600 ఎంబీ. పది లేయర్లు పడేసరికి సేవ్ నొక్కి చాయ్ తాగి రావొచ్చు. అదే 36కు దించితే పిక్సెల్స్ నాలుగో వంతు, లేయర్ 150 ఎంబీ. రోడ్డు అవతల నుంచి చూసే ఇరవై అడుగుల హోర్డింగ్‌కు అది చాలు. ముఖం దగ్గర నిలబడి చూసే రెండు బై మూడు స్టాండీకి (నేల మీద నిలబెట్టే బోర్డుకు), షాపు లోపలి బోర్డుకు మాత్రం 72కు తగ్గొద్దు, వంద పెట్టినా తప్పులేదు. ఇంకో పొరపాటు: సైజును పదో వంతు చేసి రిజల్యూషన్‌ను పది రెట్లు పెంచడం. పిక్సెల్స్ అవే ఉంటాయి, బరువు రవ్వంత కూడా తగ్గదు. ఫోటోషాప్ పీఎస్‌డీకి ఒక దిక్కు 30,000 పిక్సెల్స్, ఫైల్‌కు 2 జీబీ హద్దులున్నాయి. రాత్రి పదింటికి సేవ్ కాకుండా మొండికేసే ఫైళ్లలో చాలా వాటికి ఈ రెండో హద్దే కారణం.

అక్షరాలు, గీతలు ఫోటోషాప్‌లో వద్దు. ఫొటోలు కట్ చేసి, బ్యాక్‌గ్రౌండ్ కలిపి, ఆ బొమ్మను కోరెల్‌లోకి తెచ్చి అక్షరాలు అక్కడ పెడితే పేరు మార్చాలన్నప్పుడు బరువైన ఫైల్ తెరవాల్సిన పని లేదు. కర్ర ఫ్రేముకు కొట్టే ఫ్లెక్స్‌కు నాలుగు దిక్కులా మూడు అంగుళాలు వదలాలి. మేకుల కింద ఫోన్ నంబర్ పోతే మళ్లీ ప్రింటు ఖర్చు దుకాణం మీదే.

రాజకీయ ఫ్లెక్సీల్లో కరెక్షన్ అంటే పేరు కాదు, మొహం. ఎవరి ఫొటో ఎవరి పక్కన, ఎవరిది ఎంత పెద్దగా, ఎవరు మొదటి వరుస. "మా అన్న ఫొటో గంత చిన్నగ పెడ్తరా?" అన్న ఫోన్ రాత్రి తొమ్మిదికి తప్పకుండా వస్తుంది. దీనికి మందు మూడు నాలుగు గడుల మూసలు ముందే గీసి పెట్టుకోవడం: పైన రాష్ట్ర నాయకులకు గుండ్రాలు, కుడి దిక్కు ఎమ్మెల్యే స్థాయి నిలువు బొమ్మ, కింద వరుసలో మండల, గ్రామ నాయకులు. కౌంటర్ మీద మూస చూపించి గడుల్లో పేర్లు పెన్నుతో రాయించుకోవాలి. ఎవరి సైజు ఎంతో అక్కడే వాళ్లే తేల్చుకుంటారు. కట్ చేసిన ప్రతి మొహాన్ని బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీగా మనిషి పేరుతో ఒకే ఫోల్డర్‌లో పెట్టాలి. వెంట్రుకల అంచులు దిద్దుతూ ఒక కటింగ్‌కు పది పదిహేను నిమిషాలు పోతాయి. అదే మనిషికి మళ్లీ మళ్లీ ఆ నిమిషాలు పెట్టడం దండగ.

ఎన్నికలప్పుడు ఇంకో పని తోడవుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 127ఏ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం, పోస్టర్ మీద ప్రింటర్, పబ్లిషర్ల పేర్లు, అడ్రస్‌లు ఉండాలి. వేయించేవాళ్లు సంతకం చేసి, వాళ్లను తెలిసిన ఇద్దరు ధ్రువీకరించిన డిక్లరేషన్ రెండు కాపీలు ప్రింటర్‌కు ఇవ్వాలి. ఆ పేర్ల లైను మూసలోనే ఉంచి, ఖాళీ డిక్లరేషన్లు ఒక కట్ట కౌంటర్‌లో పెట్టుకుంటే ప్రెస్ వాళ్లు ఫైల్ వెనక్కి పంపే తిరుగుడు తప్పుతుంది.

ఫాంట్లు, కర్వ్‌లు, ఫైల్ పేర్లు

వెతుకులాట గడులు, ఆగడం గడులు ఎక్కువగా ఇక్కడివే. ఇప్పటికీ చాలా దుకాణాల్లో అను ఫాంట్లే నడుస్తున్నాయి. వాటిలో ఉన్నది సిస్టమ్‌కు ఇంగ్లిష్ అక్షరమే, పైన తెలుగు బొమ్మ తొడిగినట్టు. గిరాకీ ఫోన్‌లో కొట్టి పంపే తెలుగు మాత్రం యూనికోడ్, అంటే సిస్టమ్‌కు కూడా అది తెలుగు అక్షరమే. నేరుగా పేస్ట్ చేస్తే చెత్త వస్తుంది, కన్వర్టర్‌లో వేస్తే మధ్యలోని ఇంగ్లిష్ మాటలు, ఈమెయిల్ అడ్రస్‌లు తెలుగు ముక్కలై కూర్చుంటాయి. మార్చాక ఫోన్ నంబర్లు, ఇంగ్లిష్ మాటలు, ఒత్తులు ఈ మూడింటినీ విడిగా చూసుకోవాలి. వాట్సాప్‌లో పేజీలకొద్దీ మ్యాటర్ వచ్చే పనులను (సావనీర్లు, కరపత్రాలు) యూనికోడ్‌లోనే చేయడం మేలు. రామభద్ర, మండలి, సూరన్న, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒత్తులు విడిపోయి పక్కకు పడుతున్నాయంటే ఫాంట్‌ది తప్పు కాదు. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గర మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ ఇంజిన్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్.

ప్రెస్‌కు పంపేటప్పుడు అక్షరాలను కర్వ్‌లు (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలు) చేయడం అందరికీ తెలిసిందే. దెబ్బ తగిలేది ఎక్కడంటే, కర్వ్‌లు చేశాక అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కడం. అసలు ఫైల్ పోయింది, ఒక అక్షరం మార్చాలన్నా మొత్తం మళ్లీ కొట్టాలి. కర్వ్‌లు చేసేముందే "సేవ్ యాజ్" చేసి పేరు చివర "ప్రెస్" అని తగిలించాలి. వరుస మారకూడదు.

ఫైల్ పేరులో తేదీ, ఊరు, ఇంటిపేరు, పని, ఎన్నో ప్రూఫ్: "0205_నర్సంపేట_ఇంటిపేరు_పెండ్లి_ప్రూ2". ఊరు ఎందుకంటే, ఒకే ఇంటిపేరుతో ఒకే వారం మూడు పెండ్లిళ్లు వస్తాయి, ఊరు చెప్తేనే మనిషి తెలుస్తాడు. పేరులో "ఫైనల్" అన్న మాట నిషేధం. ఫొటోలు అడిగేటప్పుడు "డాక్యుమెంట్‌గా పంపండి" అన్న రెండు మాటలు కౌంటర్ మీద అతికించి ఉంచాలి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించుకుపోయి వస్తుంది, ఫ్లెక్స్ మీద ముఖం గళ్లుగళ్లుగా కనిపిస్తుంది, మళ్లీ అడగాలి, మళ్లీ ఆగాలి.

జూన్‌లో స్కూలు ఐడీ కార్డులు ఆరు వందలు వస్తే ఒక్కొక్కటి చేతితో చేయడం పాపం. ఎక్సెల్ జాబితా, ఫొటోలకు అడ్మిషన్ నంబరే ఫైల్ పేరు, ఇన్‌డిజైన్‌లో డేటా మెర్జ్ (జాబితాలోని పేర్లు, ఫొటోలు కార్డుల్లో వాటంతటవే పడే పద్ధతి). ఫొటో కాలమ్ పేరుకు ముందు "@" గుర్తు ఉండాలి. తెలుగు పేర్లున్న జాబితాను మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. యూనికోడ్ టెక్స్ట్‌గా సేవ్ చేయాలి.

"రేపు" అన్న మాటకు లెక్క

1961లో జాన్ లిటిల్ నిరూపించిన ఒక సూత్రం ఈ కౌంటర్‌కు అచ్చంగా సరిపోతుంది. లోపల ఉన్న పనుల సంఖ్యను రోజుకు పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక పని సగటున ఎన్ని రోజులు లోపల ఉంటుందో వస్తుంది. దుకాణంలో 42 పనులు పెండింగ్, రోజుకు 12 తెములుతున్నాయి. మూడున్నర రోజులు. సోమవారం వచ్చిన గిరాకీకి "రేపు" అని చెప్తే అది అబద్ధమే, చెప్పేవాడికి ఆ సంగతి తెలియకపోయినా. "శుక్రవారం" అనాలి. ఆ రోజులు తగ్గాలంటే రెండే దారులు: రోజుకు తెమిలేవి పెంచడం, లేదా లోపల పేరుకున్నవి తగ్గించడం. రెండోది తేలిక. పెండింగ్ పనుల్లో మ్యాటర్ పూర్తిగా రానివి, ఫొటో రానివి, అడ్వాన్స్ ఇవ్వనివి తీసి వేరే ట్రేలో పెట్టాలి. అవి పని కాదు, పని అయ్యే అవకాశం మాత్రమే. ట్రేలోని పని అన్నీ సమకూరాకే వరుసలోకి వస్తుంది, తేదీ ఆ రోజు నుంచే.

గోడ మీద తెల్లబోర్డు మీద నాలుగు నిలువు గళ్లు: సెట్టింగ్, మ్యాటర్ ప్రూఫ్ బయట, డిజైన్, ప్రెస్. డిజైన్ గడిలో మనిషికి రెండు పనులకు మించి ఉండకూడదు. యజమాని మూడోది రాయాలంటే ఒకటి తుడవాలి. ఈ నియమాన్ని ముందుగా తప్పేది యజమానే, బోర్డు పెట్టిన రెండో రోజే.

రోజు ఎట్లా కోయాలి

తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా కౌంటర్ మీద రద్దీ తక్కువ. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే గిరాకీ పదకొండు దాటాకే దిగుతుంది. ఆ రెండున్నర గంటలు సీనియర్‌కు డిజైన్ తప్ప ఏదీ ఇవ్వొద్దు, ఫోన్ కౌంటర్ డ్రాయర్‌లో ఉండాలి. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అనే టైమర్ పద్ధతి ఒంటరిగా ఇంట్లో కూర్చుని చేసేవాళ్లకు బాగుంటుందేమో. ఈ దుకాణంలో టైమర్ మోగేసరికి ఫొటో కటింగ్ సగంలో ఉంటుంది. "ఒక ప్రూఫ్ బయటికి పోయేదాకా లేవొద్దు" అన్న కొలత నయం.

సీనియర్ ఎదురుగా గిరాకీ స్టూల్ వేయొద్దు. పక్కన కూర్చుని "జర ఇటు జరుపు, ఇంక జర" అంటూ చేయించే డిజైన్‌కు రెట్టింపు టైమ్ పోతుంది, ఇంటికి పోయాక ఎట్లాగూ మారుస్తారు. ప్రూఫ్ కౌంటర్ మీద కాగితంగా చూపిస్తేనే పెన్ను గీతలు పడతాయి.

ఎండాకాలం కరెంటు పోతే చిన్న యూపీఎస్ ఇచ్చేది సేవ్ చేసుకునే వ్యవధి మాత్రమే, పని సాగించడానికి కాదు. ఫోటోషాప్ రికవరీ సేవ్ మామూలుగా పది నిమిషాలకు ఉంటుంది, ప్రిఫరెన్సెస్‌లో ఐదుకు మార్చుకోవాలి.

వరుసలో నిలబెట్టలేని పని

ఫారం, బోర్డు, పన్నెండు–ఐదు కరెక్షన్లు అన్నీ కుదిరాక కూడా ఒక రకం పని వరుసలో నిలబడదు. సాయంత్రం ఆరు దాటాక చనిపోయిన మనిషి పాలోళ్లలో ఒకాయన వస్తాడు, రేపు పొద్దుగాల ఇంటి ముందు కట్టాల్సిన శ్రద్ధాంజలి ఫ్లెక్స్ కోసం. రోజూ సాయంత్రం సీనియర్ దగ్గర నాలుగు గడులు ఖాళీగా ఉంచేది దీనికోసమే. ఏ పనీ రాకపోతే ఆ గంట మర్నాటి ప్రూఫ్‌లకు పోతుంది, నష్టం లేదు. మూస సిద్ధంగా ఉండాలి: నాలుగు బై ఆరు, మధ్యలో ఫొటో, కింద జననం, మరణం, "అశ్రునయనాలతో" లైను, కుటుంబసభ్యులు. ఆయనకు ఫారం చూపించొద్దు. నాలుగే అడగాలి: పేరు, ఊరు, రెండు తేదీలు, ఫొటో. పుట్టిన తేదీ చాలాసార్లు తెలియదు, అప్పుడు ఆ లైను తీసేసి మరణం తేదీ ఒక్కటే ఉంచాలి. గుర్తున్న ఏడు రాయించొద్దు, దశదినకర్మ కార్డు దగ్గర అదే తేదీ మళ్లీ గొడవవుతుంది.

టైమంతా తీసుకునేది ఫొటో. ఆధార్ ఫొటో ఇంత సైజుకు సాగదు. ఫోన్‌లో దొరికేది ఏదో పెండ్లిలో తీసిన గ్రూప్ ఫొటో. అందులో చనిపోయిన పెద్దమనిషి అంచున ఉంటాడు, భుజం మీద ఎవరిదో చెయ్యి. చెయ్యి తీసేసి, దాని కింద చొక్కా చారలు పక్క భుజం నుంచి తెచ్చి కలపడానికి ఇరవై నిమిషాలు. అంచు ఎక్కువ పదును పెడితే ముఖం అట్టముక్కలా కనిపిస్తుంది, అంచు మెత్తబడేలా రెండు పిక్సెల్స్ ఫెదర్ ఇవ్వాలి. వచ్చినాయన స్టూల్ మీద కూర్చుంటానంటే ఈ ఒక్క పనికి కూర్చోనివ్వచ్చు.